ఎనిమిదో ఇన్నింగ్సులో ఖాళీ గడి

"ఆ గ్రేవీ గిన్నె ఇటు జరుపు పెద్దమ్మా," అంది మా వెర్నెల్, మూడోసారి.

మా వదిన ఆర్టెల్ గిన్నెను తన వైపు ఇంకో జానెడు లాక్కుంది.

"ముందు పై గదిలోంచి పెటిగ్రూ గారు దిగనీ. నిన్న తొమ్మిది ఇన్నింగ్సులూ ఒంటిచేత్తో లాగిన మనిషి. బంతి వదిలేసినవాళ్ళకి వట్టి రొట్టె చాల్లే."

బంతి వదిలేసినవాడు మా అల్లుడు క్లీ. ఆవిడకి ఎదురుగానే కూచున్నాడు. వట్టి మజ్జిగ రొట్టెను రెండు ముక్కలు చేసి, ఎంతో రుచిగా ఉన్నట్టు నమిలాడు.

"వదిలేశాడా? వదిలేశాడా!" వెర్నెల్ గరిటెతో సహా పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది. "తుపాకీలోంచి వచ్చినట్టు వచ్చింది ఆ బంతి. దాన్ని ఆపేవాడు ఈ టెనెసీలో ఇంకా పుట్టలేదు."

"నేను ఆపేదాన్ని. ఈ ఏప్రన్ పరిచి ఆపేదాన్ని."

"ఎందుకు ఆపవూ? నీ ఏప్రన్ పరిస్తే మైదానం సగం కప్పేస్తుంది."

"మరిదీ! విన్నావా నీ కూతురి మాట?"

నేను విననట్టు కాఫీ ఊదుకున్నాను. నాకు ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి. వాటికంటే గట్టిగా నా కోటు లోపలి జేబులోని కాగితం చప్పుడు వినిపిస్తోంది. నిన్నటి ఆట పట్టిక అది. అందులో ఒక్క గడి ఖాళీగా ఉంది.

ఆదివారం నాడు మా ఊరి బేస్‌బాల్ ఆటగాళ్ళు కంబర్లాండ్ స్టార్స్ మోబైల్ జట్టును మూడు–సున్నాతో ఓడించారు. ఓడించిన వాళ్ళ ఇంట్లో ఇంత గొడవేమిటా అంటే, బంతులు విసిరిన హోజియా పెటిగ్రూ మా మేడమీది గదిలో అద్దెకుంటాడు. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య కాపలా కాసే క్లీ కింది గదిలో మా అమ్మాయితో కాపురముంటున్నాడు. ఆటలో ఎవరేం చేశారో పట్టికలో రాసేవాణ్ణి నేను. ఒకే కప్పు కింద ముగ్గురం.

ఎనిమిదో ఇన్నింగ్సు దాకా మోబైల్ వాళ్ళు హోజియా బంతిని సరిగ్గా ఒక్కసారి కూడా కొట్టలేకపోయారు. అప్పుడు వాళ్ళ ఎడమచేతి బ్యాటరు ఒకడు నేలబారుగా ఒక బంతిని బాదాడు. క్లీ కుడివైపు పరిగెత్తాడు, వంగాడు, బంతి గ్లవ్‌కి తగిలి పక్కకి పోయింది. కొట్టినవాడు మొదటి బేసు చేరాడు. ఆట మొత్తంలో అలా చేరినవాడు వాడొక్కడే. అంపైరు చేరాడన్నట్టు చేతులు చాపి, తన పని అయిందనుకున్నాడు. అసలు పని నాది. అది ఎవరికీ అందని బంతి, కొట్టినవాడి 'దెబ్బ' అని రాస్తే హోజియా ఆట మామూలు గెలుపు. అందాల్సిన బంతిని వదిలేసిన క్లీ 'తప్పు' అని రాస్తే, అది ఒక్క దెబ్బా పడని ఆట. అలాంటి ఆట ఆడకుండానే ముసలివాళ్ళయి ఇంటికి పోయిన మొనగాళ్ళు ఎందరో.

ఆ గడిలో నేనేమీ రాయలేదు.

షికాగోలో అచ్చయ్యే మన నల్లవాళ్ళ వారపత్రిక మంగళవారం సాయంత్రానికి పేజీలు కట్టేస్తుంది. సోమవారం సాయంత్రం ఆరూ పదికి ఉత్తరాదికి వెళ్ళే రైల్లో నా కాగితం ఎక్కాలి. ఇవాళే సోమవారం.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి మా వదిన గభాలున లేచింది. హోజియా వంటింటి గుమ్మం దాకా వచ్చి, బల్ల చుట్టూ ఉన్న మొహాలు చూసి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు ఆకలి లేదమ్మా. పెరట్లో చిక్కుళ్ళు ఒలుస్తా," అని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

నలభై నాలుగేళ్ళ హోజియాకి ఆకలి లేకపోవడం నేను తొమ్మిదేళ్ళలో చూడలేదు.

"చూశావా? తిండి మానేశాడు పాపం!" అంది ఆర్టెల్.

"గ్రేవీకి కాపలా చూసి భయపడ్డాడు," అంది వెర్నెల్.

నేను బడిపంతుల్ని; జూన్ నెల గనక బడికి సెలవులు. అది నా అదృష్టమనుకున్నాను. కాదని తొమ్మిదింటికే తెలిసింది. ముందుగా మంగలి కొట్టు రూఫస్ వచ్చాడు, మేం మర్చిపోయిన గొడుగు తిరిగిచ్చే నెపంతో. గొడుగు మాది కాదు. "మాస్టారూ, నేనేమీ అడగను," అన్నాడు. "కానీ కొట్లో రెండు కుర్చీలున్నాయి. ఇవాళ ఒక కుర్చీ దెబ్బ అంటోంది, ఇంకో కుర్చీ తప్పు అంటోంది. సబ్బు పూసుకుని కూచున్నవాళ్ళు సబ్బుతోనే లేచి కొట్లాడుతున్నారు. ఒక్క మాట చెప్పండి, గడ్డాలు పూర్తి చేసుకుంటాను."

"రేపు చెబుతా రూఫస్."

"రేపటికి సబ్బు ఎండిపోతుంది."

అతని తర్వాత పాస్టరు గారి భార్య ఒక గిన్నె పీచ్ మురబ్బా తెచ్చి, హోజియా ఎంత భక్తిపరుడో పావుగంట చెప్పింది. ఆవిడ అటు వెళ్ళగానే క్లీ వాళ్ళ అత్త కొడుకు వచ్చి, క్లీ ఈ ఏడు ముప్ఫై ఒక్క ఆటల్లో ఒక్క తప్పూ చెయ్యలేదని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. మురబ్బా మాత్రం బాగుంది. మనిషి ఎందుకు తెచ్చినా పీచ్ పళ్ళకి ఆ సంగతి తెలియదు.

పదకొండింటికి నేనూ పెరట్లోకి వెళ్ళాను. వెనక మెట్ల మీద హోజియా ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. అతని కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ బొటనవేలంత లావు. కాయని గోటితో మీటితే గింజలు బయటికి దూకుతున్నాయి. తాడు మీద జట్టు దుస్తులు, మా దుప్పట్లు ఆరుతున్నాయి.

"ఇంట్లో వాతావరణం ఎలా ఉంది మాస్టారూ?"

"నీ కోసం గ్రేవీని నిర్బంధించారు."

అతను గట్టిగా నవ్వాడు. ఇంకో కాయ అందుకున్నాడు. ఆట గురించి అతను అడగడని నాకు తెలుసు. నిన్న ఆరో ఇన్నింగ్సు నుంచీ జట్టులో ఎవరూ అతని పక్కన కూచోలేదు, మాట్లాడలేదు. అలాంటి ఆట నడుస్తుండగా దాని పేరెత్తకూడదు. హోజియా పట్టింపు ఇంకా పెద్దది. అచ్చులో చూసేదాకా పేరెత్తడు.

"మా తమ్ముడు గుర్తున్నాడా? మేకన్‌లో పాస్టరు."

"పోయిన ఏడు వచ్చి, భోజనానికి ముందు అరగంట ప్రార్థన చేశాడు. చికెన్ చల్లారిపోయింది."

"వాడే. ప్రతి క్రిస్మస్‌కీ ఉత్తరం రాస్తాడు. 'అన్నా, ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరిగి బంతులు విసురుతున్నావు. నువ్వు గొప్పవాడివంటావు, నమ్ముతాను. ఏదీ, కాగితం మీద ఒక్క ముక్క చూపించు.' అంటాడు. మంచివాడే. ఉత్తరం చివర ఎప్పుడూ అదే అడుగుతాడు."

నాకు టెక్సార్‌కానా సంగతి తెలుసు, పడూకా సంగతీ తెలుసు. రెండు ఊళ్ళలోనూ హోజియా విసిరిన ఆటలో ఎదుటి జట్టుకి ఒక్క దెబ్బా దక్కలేదు. అయితే ఆట ఎవరి ఊళ్ళో జరిగితే పట్టిక పంపేది వాళ్ళే. ఓడిపోయిన ఊరివాళ్ళు పంపరు. జేబులో పెట్టుకుని మర్చిపోతారు. పత్రికవాళ్ళు రాని కాగితాన్ని అచ్చు వెయ్యలేరు కదా. ఆ రెండు ఆటలూ చూసినవాళ్ళ నోళ్ళలో కొన్నాళ్ళు బతికి పోయాయి.

"వాళ్ళని అనడానికేముంది?" అన్నాడు హోజియా, నా మనసులో మాట విన్నట్టే. "లిటిల్ రాక్ వాళ్ళు మే నెల్లో మనల్ని మన ఊళ్ళోనే చావగొట్టి పోయారు. ఆ పట్టిక ఎక్కడుంది?"

"మన మేనేజరు టోపీ అస్తరులో."

"చూశారా మరి!"

మళ్ళీ నవ్వాడు. ఇప్పుడు చెప్పెయ్యాలనుకున్నాను. "హోజియా, నిన్నటి ఎనిమిదో ఇన్నింగ్సులో..." అన్నాను.

"వద్దు మాస్టారూ." అతను పళ్ళెం మెట్టు మీద పెట్టాడు. "పద్నాలుగేళ్ళుగా మీరు పట్టిక రాస్తున్నారు. మేనేజరు కొడుకైనా, మీ అల్లుడైనా, ఉన్నది ఉన్నట్టు రాశారు. అందుకే మీ ఇంట్లో అద్దెకి చేరాను. ఏది చూశారో అది రాయండి. నాకు ముందు చెప్పకండి."

ఏది చూశానో అది రాయాలి. అదే నా చిక్కు.

నాలుగింటికి అందరం బల్ల దగ్గర చేరాం. రైలు రోజు గనక ముందే భోజనం. మా వదిన చికెన్ వేయించింది. రెక్కలు, తొడలు హోజియా పళ్ళెంలో చేరాయి. క్లీ పళ్ళెంలో మెడ ముక్క పడింది. వెర్నెల్ లేచి, ఏమీ మాట్లాడకుండా, తన పళ్ళెం మొగుడి పళ్ళెంతో మార్చింది. క్లీ మళ్ళీ మార్చాడు. ఆర్టెల్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అందులో "అన్యాయం చేసే చేతులను" దేవుడు క్షమించాలని రెండుసార్లు వచ్చింది. ఆమెన్ అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

నేను కోటు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాను.

"మీకొకటి చెప్పాలి. ఆ బంతిని నేను చూడలేదు."



"చూడకపోవడమేమిటి?" అంది ఆర్టెల్. "బల్ల ముందే కూచున్నావు. నీ వెనక వరసలోనే నేనున్నా."

"కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాను. పెట్టుకునేసరికి వాడు మొదటి బేసు మీద ఉన్నాడు."

"ఎండ కాస్తుంటే అద్దాలకేం వచ్చింది?"

"లోపల్నుంచి తడిశాయి."

మా అమ్మాయికి ముందు అర్థమైంది. "నాన్నా," అంది మెల్లగా.

నేను హోజియా వైపు చూడకుండా చెప్పాను. ఎనిమిదో ఇన్నింగ్సు మొదలయ్యేసరికి పట్టికలో అటువైపు గడులన్నీ శుభ్రంగా ఉండడం చూశాను. టెక్సార్‌కానా గుర్తొచ్చింది, పడూకా గుర్తొచ్చింది. ఈసారి పెన్సిలు నా చేతిలోనే ఉందనుకున్నాను. అంతే, ఎదురుగా ఉన్నదేదీ కనపడలేదు.

"ఏడ్చావా!" ఆర్టెల్ చేతిలో రొట్టె కిందపెట్టేసింది. "నీ పెళ్ళాం, మా చెల్లెలు యూలాని పాతిపెట్టిన రోజు స్తంభంలా నిలబడ్డావు. ఊరంతా చెప్పుకున్నారు. బంతాటకి ఏడ్చావా మరిదీ?"

"ఆ రోజు నువ్వు నా భుజం మీద ఉన్నావు వదినా. నేనూ ఒరిగితే ఇద్దరం పడేవాళ్ళం."

ఆవిడ నా వంక చూసింది. తర్వాత గ్రేవీ గిన్నె తీసి, నా పళ్ళెంలో, రొట్టె మీదా చికెన్ మీదా మురబ్బా మీదా కూడా, తేడా చూడకుండా పోసింది. పన్నెండేళ్ళ తర్వాత ఆవిడ నాకిచ్చిన సమాధానం అదే. చాలా బాగుంది.

"అయితే ఎవరు చెప్పాలిక?" అంది వెర్నెల్. "నేను చూశాను. అది దెబ్బ."

"నేనూ చూశాను. తప్పు."

"ఆగండి," అన్నాను. "చూసినవాళ్ళు నాలుగు వేలమంది ఉన్నారు. ఆ బంతి తగిలిన చెయ్యి ఒక్కటే. క్లీ, నిన్నటి నుంచి నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పు. అది నీకు అందే బంతేనా?"

క్లీ మెడ ముక్కని పక్కకి నెట్టాడు. అతని చూపు బల్ల చుట్టూ తిరిగి, ఒకచోట ఒక క్షణం ఆగి, మళ్ళీ నా దగ్గరికి వచ్చింది.

"తప్పు అని రాయండి మామయ్యా."

"క్లీ!" వెర్నెల్ అరిచింది.

"బంతి చేతిలో పడకముందే మొదటి బేసు వైపు చూశాను. కన్ను ముందెళ్ళిపోయింది, చెయ్యి వెనకపడింది. కుర్రప్పుడు చేసే తప్పు. తప్పే."

"అబద్ధం," అన్నాడు హోజియా.

అందరం అటు తిరిగాం. అతను లేచి నిలబడి ఉన్నాడు.

"ఆ బంతిని నేను చెడగొట్టాను. వంపు తిరగలేదు. బల్ల మీద వడ్డించినట్టు వెళ్ళింది. దాన్ని బాదకపోతే వాడికే సిగ్గు. వాడు ముప్ఫై ఆరు అంగుళాల బ్యాటుతో బాదాడు. మన క్లీ గ్లవ్ ఆనించాడంటేనే నేను టోపీ తియ్యాలి. దెబ్బ అని రాయండి మాస్టారూ."

"అన్నా, నా చేతి సంగతి నీకు తెలుసా నాకు తెలుసా?"

"నా బంతి సంగతి నాకు తెలుసు తమ్ముడూ."

"నువ్వు విసిరేసి వంగి ఉన్నావు. నన్నెప్పుడు చూశావు?"

"చప్పుడు విన్నాను. ఇరవై రెండేళ్ళు విన్నాను. అది దెబ్బ చప్పుడు!"

"నువ్వు విన్నది నా ఎముక చప్పుడు!"

"పెటిగ్రూ గారూ!" ఆర్టెల్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పొద్దున్నించీ మీ కోసం నేను కన్న కూతురిలాంటి పిల్లతో కొట్లాడుతున్నాను. మీరేమో అవతలి గట్టుకి దూకుతారా?"

"ఈయన మాత్రం?" వెర్నెల్ క్లీ చెవి పట్టుకుంది. "నేను గొంతు పోయేలా అరుస్తుంటే, తీరిగ్గా మెడ ముక్క కొరుక్కుంటూ తప్పు నాదేనంటాడు. పెద్దమ్మా, వీళ్ళిద్దరికీ మతి లేదు."

"లేదే తల్లీ. పుట్టినప్పుడే లేదు."

ఆదివారం సాయంత్రం తర్వాత వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

ఇంతలో హోజియా మెట్లెక్కి పైకెళ్ళి, ఒక బంతీ గ్లవ్వూ తెచ్చాడు. "మాటలెందుకు? పెరట్లోకి రండి. నేను ఎలా విసిరానో అలా విసురుతా. వీడు ఆపుతాడేమో చూడండి."

"కొట్టేదెవరు?" అన్నాను.

మా వదిన అప్పటికే చీపురు తిరగేసి పట్టుకుంది.

అరవై మూడేళ్ళ మనిషి. ఆదివారాల్లో చర్చి ద్వారం దగ్గర తెల్ల చేతితొడుగులతో నిలబడి, చప్పుడు చేసినవాళ్ళని చూపుతోనే కూచోబెట్టే మనిషి. చిక్కుడు పాదుల ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, "మెల్లగా వెయ్యొద్దు పెటిగ్రూ గారూ, మర్యాదకి వెయ్యొద్దు," అంది.

హోజియా మర్యాదకే వేశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఊపింది. ఎవరూ అనుకోలేదు, ఆవిడ అసలనుకోలేదు: చీపురు కర్ర బంతికి నడిమధ్యన తగిలింది. బంతి ఆరేసిన బట్టల మీదికి దూసుకెళ్ళింది. క్లీ అటు పరిగెత్తి, జట్టు చొక్కాల మధ్యనుంచి దూకి, తాడూ గుంజా దుప్పట్లూ అన్నీ ఈడ్చుకుంటూ పాదుల అవతల పడ్డాడు. కాసేపు అక్కడ తెల్లటి కుప్ప తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత కుప్పలోంచి గ్లవ్ పైకి లేచింది. అందులో బంతి ఉంది.

"దీన్నెలా రాస్తారు మామయ్యా?" అంది దుప్పటి.

"దుప్పటికి ఒక క్యాచ్," అన్నాను.

వెర్నెల్ నవ్వలేక నేల మీద కూచుంది. ఆర్టెల్ చీపురు వదలకుండా, "దెబ్బా కాదా? నాది దెబ్బా కాదా?" అని అడుగుతూనే ఉంది. కంచె అవతల పక్కింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. హోజియా ఒక్కడే, నవ్వుతూ నవ్వుతూ, మధ్యలో నా కోటు జేబు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

ఆ చూపు నన్ను ఇంట్లోకి నడిపించింది.

వంటింటి గడియారం అయిదుంబావు చూపిస్తోంది. బల్ల మీద కాగితం సర్ది కూచున్నాను. తనకి నష్టం వచ్చే మాట చెప్పేవాడి సాక్ష్యం గట్టిదంటారు. ఇద్దరూ అలాంటి మాటే చెప్పారు. కానీ విసిరినవాడు అరవై అడుగుల దూరంలో ఉన్నాడు, బంతిని చేత్తో తాకినవాడు క్లీ. తన కన్ను ఎటు వెళ్ళిందో తనకి తప్ప ఎవరికి తెలుస్తుంది? అది న్యాయంగానే తోచింది. అలా తోచాలని నేనెంత కోరుకుంటున్నానో నాకు తెలియకపోలేదు. ఆ కోరికను పక్కన పెట్టి మళ్ళీ మొదట్నుంచి ఆలోచించాను. అక్కడికే వచ్చాను.

గడిలో క్లీ స్థానానికి గుర్తుగా ఆరు అంకె వేసి, పక్కన తప్పు గుర్తు పెట్టాను. కింద దెబ్బల వరసలో మోబైల్ జట్టుకి సున్నా చుట్టాను.

తలెత్తితే గుమ్మంలో నలుగురూ ఉన్నారు. క్లీ వంగి చూసి, తల ఆడించాడు. హోజియా బల్ల దాకా వచ్చి, ఆ సున్నాను చూశాడు. దాని మీద వేలు పెట్టబోయి, పెన్సిలు చెరిగిపోతుందని కాబోలు, వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకా అచ్చు కాలేదు," అన్నాడు. కుర్చీ లాక్కుని, "గ్రేవీ ఏమైనా మిగిలిందా ఆర్టెల్ గారూ?" అన్నాడు.

మూడు పళ్ళేలు తిన్నాడు.

నేనూ క్లీ స్టేషన్‌కి నడిచి వెళ్ళాం. పక్క గుమ్మంలోంచి, నల్లవాళ్ళకి వేరుగా పెట్టిన మా వైపు గదిలోకి, అక్కణ్ణుంచి ప్లాట్‌ఫారం చివరికి. ఉత్తరాది రైల్లో పోర్టరు అలోంజో నా దగ్గర చదువుకున్నవాడే. టపాలో వెయ్యడం కంటే అతని చేతికివ్వడం నయం. రేపు పొద్దున షికాగోలో దిగి, తానే పత్రిక ఆఫీసు మెట్లెక్కి ఇస్తాడు. మా ఊరి పట్టికలు పద్నాలుగేళ్ళుగా అలాగే వెళ్తున్నాయి.

"మాస్టారూ, ఊళ్ళో అనుకుంటున్నది ఈ కవరులో ఉందా?" అన్నాడు అలోంజో.

"పత్రిక కొనుక్కుని చదువుకో."

అతను కవరును కోటు లోపలి జేబులో, గుండె మీద పెట్టుకుని బొత్తాం పెట్టాడు. రైలు కదిలింది. చివరి పెట్టె వంతెన దాటేదాకా చూశాను. మనసు హాయిగా ఉంది. గాలి నది మీంచి చల్లగా వస్తోంది.

"మామయ్యా," అన్నాడు క్లీ. "కోప్పడకండి."

"దేనికి?"

"నేను మొదటి బేసు వైపు చూడలేదు."

నేను అతని వైపు తిరిగాను.

"బంతినే చూశాను. చివరిదాకా. నా కాళ్ళు ఎంత పోతాయో అంతా పోయాయి. అందలేదు. ఇంకో వందసార్లు వచ్చినా అందదు."

"మరి ఇందాక బల్ల దగ్గర..."

"మీరు నన్నడిగినప్పుడు హోజియా అన్న చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. చెంచాలోంచి కారుతున్నా తెలియలేదు. అది చూశాక నా నోట్లోంచి వేరే మాట రాలేదు."

"ఇప్పుడెందుకు చెప్పావు? రైలు వెళ్ళిపోయాక?"

"వెళ్ళకముందు చెబితే మీరు చెరిపేస్తారు. అసలు చెప్పకపోతే రేపట్నుంచి మీ బల్ల దగ్గర కూచుని తినలేను." అతను సిగ్గుగా నవ్వాడు. "పట్టిక మీది. మీరేం చేసినా నాకు సమ్మతమే. వెర్నెల్‌కి మాత్రం చెప్పకండి. బంతి వదిలేశానంటే నెలలో మర్చిపోతుంది. ఊరికే ఇచ్చేశానంటే జన్మలో మర్చిపోదు."

నాకు కోపం రాలేదు. అతన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది, అతని చెంప పగలగొట్టాలనిపించింది. రెండూ చెయ్యలేదు. రైలు వెళ్ళింది గాని, తంతి రైలుకంటే ముందు చేరుతుంది. మా వైపు గదిలోకి తెరిచే తంతి కిటికీలో దీపం వెలుగుతోంది. 'ఎనిమిదో ఇన్నింగ్సు దిద్దండి.' మూడు మాటలు చాలు, హోజియా సున్నా చెరిగిపోవడానికి.

నా కాళ్ళు నన్ను అక్కడికి తీసుకెళ్ళాయి. నా ముందు ఒకావిడ ఉంది. చెల్లెలికి కవలలు పుట్టారట, ఇద్దరూ క్షేమమట, ఆ మాట సెయింట్ లూయీలో ఉన్న తండ్రికి చెప్పమంటోంది. 'ఇద్దరూ' అన్నది రెండుసార్లు వెయ్యమంది. నా వైపు తిరిగి, ముక్కూ మొహం తెలియని నాకు కూడా ఆ సంగతి చెప్పి, సంతోషంగా వెళ్ళిపోయింది.

గుమాస్తా తలెత్తకుండానే కొత్త కాగితం ముందుకి లాక్కున్నాడు. పెన్సిలు నాలుకకి అద్దుకున్నాడు.

"ఎవరికి?" అన్నాడు.

నా వెనక క్లీ ఊపిరి బిగబట్టడం వినిపించింది.